విస్తరాకు కొలతతో వేసిన తోట

నా దుకాణంలో అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. కాజీపేటలో చర్చి గేటుకు సరిగ్గా ఎదురుగా మా నాయన పెట్టిన కిరాణా దుకాణం అది. బియ్యం బస్తాల మీద పప్పు బస్తాలు, వాటి మీద సబ్బుల పెట్టెలు, దూలానికి వేలాడే చీపుర్లు, చేదతాళ్లు. ఎక్కడన్నా జానెడు జాగ కనబడితే అందులో ఏదో ఒక సరుకు కుక్కందే నాకు నిద్ర పట్టదు. అలాంటి ఈ వెంకట్రాజం ఖాళీ జాగ గొప్పతనం గురించి రాస్తున్నాడంటే మా ఆవిడ శకుంతల నవ్వుతోంది. నవ్వనీ. దేవదానం వేసిన తోటను మొదటి రోజు నుంచి చూసినవాణ్ణి నేనే. గల్లాపెట్టె ముందు కూర్చుంటే ఆ గేటు, ఆవరణ, చర్చి మెట్లు అన్నీ నా కళ్లెదుటే ఉంటాయి.

దేవదానం రైల్వేలో గ్యాంగు మేస్త్రి. రఘునాథపల్లి దగ్గర పుట్టి, మీసం మొలవకముందే పట్టాల పనిలో చేరాడు. పట్టా కుంగిన చోట గడ్డపారతో ఎత్తి కింద కంకర దట్టించడం, కంకరలో గడ్డి మొలిస్తే పీకెయ్యడం, ఇదే బతుకంతా. పట్టా వంకర పోయిందేమో చూడాలంటే మేస్త్రీలందరిలాగే ఆయనా బోర్లా పడుకుని, ఇనుము మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. మనిషి పొట్టి. మాట తక్కువ. పంతం మాత్రం పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

ఆయన మిగిల్చిన మాటలన్నీ భార్య దీనమ్మ మాట్లాడేది. వంటలో ఆమె చేతికి కాజీపేట మొత్తం మీద సాటి లేదని చర్చివాళ్లంతా అనేవాళ్లు. నేను మాంసం ముట్టనివాణ్ణి, కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. కానీ ఆమె పొయ్యి మీద మసాలా వేయించే పూట నా గిరాకీలు బేరం మరిచిపోయి ముక్కులు ఎగబీల్చడం నేను చూశాను.

ఇక కోత పండుగ సంగతి చెప్పాలి, అసలు గొడవంతా అక్కడే ఉంది. వానకాలం పంట ఇంటికి చేరాక చర్చిలో ఈ పండుగ చేస్తారు. పల్లెల్లో పొలాలున్నవాళ్లు తొలిపంటగా వడ్లు, గుమ్మడికాయలు, మిరపకాయలు, కోళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన కాగానే వాటిని ఆవరణలోనే వేలం పాడతారు. ఆ తర్వాత అందరికీ భోజనం. దాన్ని ప్రేమవిందు అంటారు.

కానీ రైల్వేవాళ్లకు పొలమెక్కడిది? గార్డు ఏం కోస్తాడు, జెండానా? అందుకని ఏనాడో ఒక పుణ్యాత్ముడు డాల్డా డబ్బాలో క్రోటన్ మొక్క పెట్టి పట్టుకొచ్చాడు. మర్నాటి ఏడాది పదిమంది తెచ్చారు. కొడుకు పాసైతే ఒక కుండీ, ప్రమోషనొస్తే ఒక కుండీ, బిడ్డ దవాఖాన నుంచి బాగై వస్తే ఒక కుండీ. కోడిని వేలం వేసినట్టు మొక్కను వేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. పేరు పెట్టి ఇచ్చిన మొక్క కదా, ఉండనీ అన్నారు. అలా ఏళ్ల తరబడి కుండీలు, పగిలిన బకెట్లు, తుప్పు డబ్బాలు, కాగితం పూల ముళ్లు కలిసి ఆవరణంతా అడవైపోయింది. చర్చిలోకి పోవాలంటే చీర కొంగు ఒక చేత్తో, బైబిలు ఒక చేత్తో పట్టుకుని పక్కకు తిరిగి నడవాలి. నా దుకాణమే నయం, కనీసం ముళ్లుండవు.

ఆ అడవిలో మిగిలిన కాస్త చోటులో ప్రేమవిందు బంతులుగా సాగేది. మొదటి బంతిలో గార్డులు, డ్రైవర్లు, ఆఫీసు గుమాస్తాలు, వాళ్ల పిల్లలు. రెండో బంతిలో షెడ్డు పనివాళ్లు. మూడో బంతిలో గ్యాంగువాళ్లు, ఊడ్చేవాళ్లు, పల్లెల నుంచి నడిచొచ్చినవాళ్లు. అలా కూర్చోమని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే ఎవరి బంతి వాళ్లకు తెలిసేది. మూడో బంతికి వచ్చేసరికి కూర వండిన గంజులో ముక్క ఉండేది కాదు, పులుసే.

తెల్లవారుజాము నుంచి వండిన దీనమ్మది మూడో బంతి. ఆకలికి నకనకలాడే మనవరాలిని చంకన వేసుకుని నా దుకాణం అరుగు మీదికొచ్చి, పుట్నాలు కొనిపెట్టి, ఎదురుగా జనం తినడం చూస్తూ కూర్చునేది. ఒక ఏడాది నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా దీనమ్మా, వండేది నువ్వు, తినేది వాళ్లా?" అన్నాను.

"ఏం జేస్తరు సేటూ, జాగ లేకపాయె. జాగుంటె కూసోవెట్టరా? వాళ్లు మంచోళ్లే," అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే నమ్మి అంది.

పక్కనే బీడీ ముట్టించుకుంటున్న దేవదానం ఆ మాట విన్నాడు. బీడీ వెలగకుండానే అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది. తర్వాతి ఏడు పదవీ విరమణ చేసి, పూలదండ ఇంటి మేకుకు తగిలించి, నేరుగా చర్చి అయ్యగారి దగ్గరికి పోయి ఆవరణ తనకు అప్పగించమన్నాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ 'జాగ లేదు' అన్న మాట పోవాలి, దీనమ్మ అందరితో కలిసి మొదటి బంతిలో తినాలి.

అయ్యగారు సరేననే మెత్తని మనిషి. అడ్డుపడింది సంఘ పెద్ద కృపానందం, గూడ్సు బండి గార్డు. చెడ్డవాడు కాడు, కానీ చేతిలో జెండా లేకున్నా ఊపుతూనే ఉంటాడు. హైదరాబాదులో ఎక్కడో చూసొచ్చిన సిమెంటు హంసల ఫౌంటెను చర్చి ముందర కట్టించాలని ఆయన కోరిక. ముగ్గురూ గేటు దగ్గర నిలబడే మాట్లాడుకున్నారు కాబట్టి ప్రతి మాటా నా చెవిన పడింది.

"ఊడ్సుకో, నీళ్లు పోసుకో, మంచిదే. కని మొక్కలు ముట్టొద్దు దేవదానం. అవన్ని దేవునికిచ్చినయి," అన్నాడు కృపానందం.

"కోడి గూడ దేవునికిచ్చిందే గద గార్డు సాబ్? గుమ్మడికాయ గూడ. వాటిని గుళ్లె ఉంచుకుంటానమా? ఏలం ఏస్తానం. మొక్కకు ఏం పాపం?"

కృపానందం అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ఏడాది కోత పండుగకు మొక్కలు కూడా వేలం వేయడానికి ఒప్పుకున్నారు, అయితే ఒక షరతు మీద. ఏడాది పాటు దేవదానం ఆవరణను తన ఇష్టం వచ్చినట్టు చేయవచ్చు. మరుసటి కోత పండుగనాడు సంఘానికి నచ్చకపోతే పార పక్కన పెట్టి ఫౌంటెనుకు చోటివ్వాలి.

వేలం రోజు పెద్ద గోలే అయింది. సమ్మమ్మ అనే ఊడ్చే పనామె తన క్రోటన్ డబ్బాను రెండు చేతులా కరుచుకుని వదల్లేదు. కొడుకు విషజ్వరం నుంచి బతికి బయటపడ్డప్పుడు ఇచ్చిన మొక్క అది.

"ఇది నా కొడుకు పానం. ఎవ్వనికియ్య," అని ఏడ్చింది.

దేవదానం పక్కన కూర్చుని డబ్బాను మెల్లగా వంచి మొక్కను బయటికి లాగాడు. వేళ్లు మట్టిని మింగి డబ్బా ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. "జర సూడు సమ్మక్కా. ఊపిరాడక సస్తాంది. నేలల పెడితె బతుకుద్ది," అన్నాడు. సమ్మమ్మ ఆ చుట్టలను తడిమి చూసి, డబ్బా వదిలింది. ఆ మొక్కను పాడుకున్నది ఎవరో కాదు, కృపానందం భార్య లిదియమ్మ. తన క్వార్టరు ముందు నేలలో పెట్టింది. అంతకుముందు ఆ ఇంటి గడప తొక్కని సమ్మమ్మ ఆ తర్వాత రోజూ పోయి మొక్కను పరీక్ష చేసేది, తప్పులు పట్టేది, లిదియమ్మ ఇచ్చిన చాయ తాగి వచ్చేది. నేనూ ఒక దేవకాంచనం పాడుకున్నాను. శకుంతల దాన్ని ఎక్కడ పెట్టాలని అడిగితే ఉప్పు బస్తా మీద పెట్టాను.

మొక్కలు పోయాక బయటపడిన నేలను చూసి జనం బిత్తరపోయారు. గోడ పక్కన ఒక వేపచెట్టు, మెట్ల పక్కన ఒక దేవగన్నేరు, అంతే మిగిలింది. మిగతాదంతా ఎర్రమట్టి. దానికి 'బట్టతల తోట' అని పేరు పడింది. "ఇంకేం నాటుతవు మేస్త్రీ?" అని అడిగినవాళ్లకు "ఏం నాటను" అని జవాబిచ్చేవాడు. మతి పోయిందన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఖాళీ చూస్తే చేతులు దురద పెట్టేవి. అక్కడ రెండొందల బస్తాలు పడతాయి కదా అనిపించేది.

ఒకనాడు పొద్దున ఆయన నా దుకాణానికొచ్చి, "ఇస్తారాకు ఒక్కటియ్యి సేటూ," అన్నాడు.

"కట్టగా తీసుకుపో. ఒక్కటేం చేసుకుంటావు?"

"కొలతకు."

ఎదురుగా ఆవరణలో దీనమ్మ మఠం వేసుకుని కూర్చుంది. ముందర ఆ మోదుగాకుల విస్తరి పెట్టాడు. ఆమె చెయ్యి చాపి, అన్నం కలిపినట్టు కలిపి, నోటి దాకా తెచ్చి చూపించింది. మోచెయ్యి ఎంత దూరం పోతుందో అక్కడ ఆయన పుల్లతో గీత గీశాడు. తర్వాత విస్తరి అంచు పట్టుకుని ఇంకో గీత. నాకు అప్పుడు అర్థమైంది. దుకాణం దిగి గేటు దాకా పరుగెత్తాను.

"తోట కాదయ్యా ఇది, బంతి!" అన్నాను.

"గట్టిగ అనకు సేటూ. ఇప్పుడే తెలిస్తె సెయ్యనియ్యరు," అన్నాడు. నేను శకుంతలకు కూడా చెప్పలేదు. నా జీవితంలో అది చిన్న విషయం కాదు.

కడిపికొండ దిక్కు రాళ్లు కొట్టేవాళ్లు పనికిరావని పారేసిన పలక ముక్కలను, మూడో బంతిలో కూర్చునే యోసేపు అనే బండివాడి ఎడ్లబండి మీద దేవదానం తెప్పించాడు. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరుసలు, అక్కడి నుంచి విడిపోయి చర్చికి చెరో పక్కగా వెనక్కి పోయి మళ్లీ కలుసుకుంటాయి. రాయి వెడల్పు విస్తరాకు పట్టేంత, ఎత్తు నేలకు సమానం. రెండు వరుసల మధ్య వడ్డించేవాడు బకెట్టు పట్టుకుని నడిచేంత దారి, ఆ దారిలో గరిక. ఇంతే తోట. ఒక వేప, ఒక గన్నేరు, ఒక పచ్చ చార, రెండు రాతి గీతలు.

వేయడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు. తెల్లవారగానే ఈత చీపురుతో ఊడ్చేవాడు. మొలిచిన పరాయి గడ్డిని వేరుతో సహా తీసేవాడు. వాన పడితే రాళ్లు ఒక పక్కకు కుంగేవి. అప్పుడు బోర్లా పడుకుని, రాయి మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి వరుస చూసేవాడు. మొదటిసారి అలా చూసినప్పుడు ముసలాయన పడిపోయాడని మల్లక్క అనే పాలామె బిందె వదిలేసి, కేకలు వేస్తూ వచ్చి మొహాన నీళ్లు కొట్టింది. ఆయన తుడుచుకుని, కుంగిన రాయిని గడ్డపారతో లేపి, కింద మొరం మట్టి దట్టించి, మళ్లీ పడుకున్నాడు. ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటితే దీనమ్మ బియ్యం కడిగిన నీళ్లు బిందెలో తెచ్చి గరిక మీద చల్లేది. గరిక తాగేది తక్కువ కాబట్టి ఆ కాసిన్ని నీళ్లతోనే తోట బతికింది. కాలనీలో గులాబీలన్నీ మాడిపోయిన ఏడు అది.

అన్నిటికన్నా కష్టం వద్దనడం. బట్టతల మీద వెంట్రుకలు మొలిపించాలని అందరికీ ఆత్రమే. ఒకరు బంతినారు, ఒకరు కనకాంబరం, లిదియమ్మ స్వయంగా గులాబీ కొమ్మ. ఆయన ఎవరినీ నొప్పించలేదు. రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని, వేప కింద పెట్టి, "ఏలానికుంటది తల్లీ" అనేవాడు. నాటేవాడు మాత్రం కాదు.

నెలలు గడిచేకొద్దీ జనంలో మార్పొచ్చింది. ఆరాధన కాగానే ముళ్ల భయంతో బయటికి ఉరికేవాళ్లు ఇప్పుడు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ముసలివాళ్లు వేప నీడలో కూర్చుంటున్నారు. కృపానందం డ్యూటీ దిగి సాయంత్రం పూట ఆ రాతి వరుస వెంట చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే నేను చూశాను. ఎట్లుంది సార్ అని అడిగితే, "ఆ, ఏముంది, ఫౌంటెనుకు కొలతలు చూస్తాన," అన్నాడు. కొలతలు వారం రోజులు చూశాడు.

పండుగ దగ్గర పడ్డాక పిడుగు పడింది. ఆవరణ ఇంత విశాలంగా ఉంది కదా, ఈసారి పెద్దలకు బల్లలు, కుర్చీలు వేసి మర్యాదగా వడ్డిద్దాం, తర్వాత మిగతావాళ్లు కూర్చుంటారని కృపానందం తీర్మానించాడు. దేవదానం సంపాదించిన ఖాళీలోనే మళ్లీ పెద్దల బంతి వచ్చి కూర్చోబోతోంది. నేను కోపంతో ఊగిపోయాను.

"ఇంత కష్టపడి వాళ్ల కుర్చీలకు జాగ చేశావా?" అన్నాను.

"ఫికర్ చెయ్యకు సేటూ. కుర్సీలు రాళ్ల మీద నిలవడయి. యాప కిందనే ఎయ్యాలె, ఆడైతె గీత లేదు," అన్నాడు. నాకు సగమే అర్థమైంది. "నీ దగ్గరున్న ఇస్తారాకులన్ని నాకే ఇయ్యి," అని కట్టలన్నీ మోసుకుపోయాడు.

1981 కోత పండుగ. లోపల ఆరాధన జరుగుతుండగానే సమ్మమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు రాతి వరుసల మీద గేటు నుంచి చర్చి వెనక దాకా విస్తరాకులు పరిచి, నీళ్లు చిలకరించారు. వేప కింద తెల్లగుడ్డ వేసిన నాలుగు బల్లలు కూడా ఉన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి. జనం మెట్ల మీదే ఆగిపోయారు. ఊడ్చిన ఎర్రటి నేల, మధ్యలో పచ్చ చార, దానికి రెండు పక్కలా మోదుగాకులు, ఎక్కడా వంకర లేదు. నేను గల్లాపెట్టె తాళం కూడా వేయకుండా లేచి నిలబడ్డాను.

ముందు పిల్లలు కూర్చున్నారు. డ్రైవరు కొడుకు, గ్యాంగువాడి కూతురు, ఎవరి ముందు ఆకు ఉంటే అక్కడ. పిల్లల పక్కన తల్లులు. తల్లుల పక్కన, ఏం చేస్తారు, తండ్రులు. సమ్మమ్మ లిదియమ్మ చెయ్యి పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అందరూ కూర్చున్నా ఇంకా ఆకులు మిగిలాయి.

కృపానందం మాత్రం వేప కిందికి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కడే. మిగతా పెద్దలు అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, వరుసలో దిగిపోయారు. బకెట్లు పొయ్యి దగ్గర నుంచి బయలుదేరాయి. వడ్డించేవాడు గరిక దారి పట్టుకుని పోతాడు కదా, దారి ఎటు పోతే అటే పోతాడు. వేప కిందికి దారి లేదు. ఆ బల్ల దగ్గరికి రావాలంటే బంతి మొత్తం తిరిగి చివరికి రావాలి. ఆకు ముందు పెట్టుకుని ఆయన ఎదురుచూస్తున్నాడు. నాకు అప్పుడు మిగతా సగం అర్థమై పగలబడి నవ్వాను.

"ఇగో, ముక్కలు అయిపోతయి, జెల్ది రాండ్రి!" అని లిదియమ్మ కేక పెట్టింది.

ఆయన లేచాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని వచ్చి, భార్యకూ యోసేపుకూ నడుమ మఠం వేసుకున్నాడు. వరుసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు, అది ఒప్పుకోవాలి. సిమెంటు హంసల మాట ఆ పూటతో పోయింది. దేవదానం మోకాళ్లు మొరాయించేదాకా, ఇంకో ఏడెనిమిదేళ్లు, ఆ ఆవరణ అలాగే ఊడ్చి ఉంచాడు.

కానీ ఆ రోజు అందరూ కూర్చున్నాక కూడా ఒక మనిషి నిలబడే ఉంది. దీనమ్మ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర గంజుకు కాపలా కాస్తోంది. దేవదానం పోయి పిలిచాడు.

"రా, కూసో."

"నువ్వు తినయ్యా. అందరు తిననీ. నేను తర్వాత బంతిల కూసుంట," అంది. ఏళ్ల అలవాటు.

"తర్వాత బంతి లేదు దీనమ్మా," అన్నాడు దేవదానం. "అందరు కూసున్నరు. ఒక్క నువ్వే మిగిలినవు."

ఆమె గరిటె పట్టుకుని వరుసను ఇటు చివర నుంచి అటు చివరదాకా చూసింది. మూడో బంతివాళ్లను వెతికినట్టుంది. వాళ్లంతా తింటున్నారు. మెల్లగా గరిటె గంజులో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, కృపానందానికి ఎదురుగా ఉన్న ఆకు ముందు కూర్చుంది. వడ్డించే కుర్రాడు కూర వేశాడు. తాను వండిన ప్రేమవిందు కూరలో ముక్క ఎలా ఉంటుందో ఆమె నోటికి తెలియడం అదే మొదటిసారి. నమిలింది. మళ్లీ ఒకటి నమిలింది. తర్వాత తలెత్తి, గేటు దాటి నా దుకాణం దాకా వినబడేంత గొంతుతో ముందుకు పోతున్న కుర్రాణ్ణి పిలిచింది.

"ఓ బిడ్డా, ఎటు పోతానవ్? ఇటు రా. ఇంకో రెండు ముక్కలెయ్యి!"